పాలలో కలిపిన మాత్ర

మేస్త్రీ కాలికి మేకు దిగిన సంగతి మేస్త్రీకే తెలీదు. సాయంత్రం పని దిగి వచ్చి, చెప్పులు విప్పి కాళ్లు కడుక్కుంటుంటే నీళ్లు ఎర్రబడ్డాయి. ముందు చూసింది అతని భార్య టైలరమ్మ.

"నొప్పి లేదూ?" అంది.

"చీమ కుట్టినట్టు కూడా లేదు," అన్నాడు గొప్పగా. గోడలు కట్టేవాడి పాదం గోడలాగే ఉండాలని అతని లెక్క.

టైలరమ్మ వంగి ఆ కాలు చేతిలోకి తీసుకుంది. నొప్పి తెలీని కాలు మంచి కాలు కాదని ఆమె ఎక్కడో విని ఉంది. వీధి చివర కుట్టు మిషను పెట్టుకున్ననాటి నుంచీ అందరూ ఆమెని టైలరమ్మ అనే పిలుస్తారు. కోపమొస్తే మొగుడూ అదే పిలుపు. బట్టలు కొలిచే బల్ల దగ్గర నాలుగు రకాల మనుషులు నాలుగు రకాల కబుర్లు వదిలి వెళతారు. అందులో జబ్బుల కబుర్లే ఎక్కువ.

గాయం మానలేదు. పసుపచ్చగా చీము పట్టింది, పాదం వాచి చెప్పులో పట్టడం మానేసింది. అప్పుడు గానీ మేస్త్రీ ఆస్పత్రికి రాలేదు. వచ్చినా, పక్కింటివాళ్లని చూడ్డానికి వచ్చినట్టు వచ్చాడు.

చేర్చుకునే బల్ల దగ్గర సిస్టరు అడిగింది, "ఇంట్లో ఏమైనా మందులు వాడుతున్నారా?"

అడిగింది మేస్త్రీని. మేస్త్రీ ఛాతీ విరుచుకుని, "మాత్రన్నది నా నాలిక మీద పడి ఎన్నాళ్లయిందో నాకే గుర్తు లేదు తల్లీ," అన్నాడు. "షుగరుందని అప్పుడెప్పుడో ఓ డాక్టరు బెదిరించాడు. నాలుగు రోజులు తిండి తగ్గించాను. అదే పోయింది."

అబద్ధం ఆడలేదు పాపం. అతనికి తెలిసింది అంతే.

షుగరు ఎక్కడికీ పోలేదు. ఆ డాక్టరు రాసిచ్చిన మాత్రల అట్టని మేస్త్రీ ఇల్లు చేరకముందే మురుగు కాలవలో పడేశాడు. మాత్రలు మింగేవాడని తెలిస్తే కంట్రాక్టరు పరంజా ఎక్కనివ్వడు, కింద నిలబెట్టి ఇసక జల్లించమంటాడు. అదీ అతని భయం. భయమని ఒప్పుకోలేక దానికి పౌరుషమని పేరు పెట్టుకున్నాడు. టైలరమ్మ బతిమాలింది, అలిగింది, మాట్లాడ్డం మానేసింది. ఏదీ పారలేదు. ఒకనాడు ఆ డాక్టరు చీటీ పట్టుకుని తనే వెళ్లి మాత్రలు కొనుక్కొచ్చి, చెంచా కింద పెట్టి నలిపి, రాత్రి పడుకోబోయే ముందు అతను తాగే పాలలో కలిపింది. అతను తాగి మూతి తుడుచుకున్నాడు. మర్నాడూ అంతే. అలా ఏళ్లు గడిచిపోయాయి. ఎప్పుడైనా ఎవరైనా రక్తం చూసి పరవాలేదంటే మేస్త్రీ మీసం మీద చెయ్యేసి "చూశావా?" అనేవాడు. "చూశాను," అనేది టైలరమ్మ.

బల్ల దగ్గర ఆమె నోరు తెరవబోయింది. పక్కనే మొగుడున్నాడు. తర్వాత, ఈయన లేనప్పుడు చెప్పుకుందాంలే అనుకుని మాట మింగేసింది.

వార్డు పొడుగ్గా ఉంది. కిటికీల వైపు కొన్ని మంచాలు, గోడ వైపు కొన్ని. మేస్త్రీకి గోడ వైపు దొరికింది. మొదటి పూటే గోడని గోటితో గీకి చూసి, "ఇది కట్టినవాడు సిమెంటు తిన్నాడు," అని తేల్చాడు. పక్క మంచం మీద తుంటి విరిగిన పెద్దాయన, ఆయన్ని కనిపెట్టుకుని ఆయన భార్య. ఆవిడ వచ్చి చాలా రోజులైంది. ఏ కుళాయిలో ఎప్పుడు వేడినీళ్లొస్తాయో, ఏ డాక్టరు ఎప్పుడు విసుక్కుంటాడో అంతా ఆవిడ నోటికి వచ్చు. టైలరమ్మకి ఆవిడ అక్కయిపోయింది.

మేస్త్రీకి పొద్దునా రాత్రీ షుగరు ఇంజెక్షను మొదలుపెట్టారు. మిగతా మందులు చిన్న గిన్నెలో వేసి తెచ్చేవాళ్లు. అక్కడ మాత్రం మేస్త్రీ నోరెత్తకుండా మింగేవాడు. కంట్రాక్టరు చూసే చోటు కాదు గదా. టైలరమ్మ ఆ గిన్నెలోకి తొంగి చూసేది. రంగులు చూడ్డం ఆమె పని. ఎర్రది ఉంది, పొడుగ్గా పసుపుది ఉంది, గుండ్రంగా పెద్దది ఉంది. ఆమెకి తెలిసిన చిన్న తెల్లది లేదు. మర్చిపోయారనుకుంది. వరండాలో కుర్ర డాక్టరు వస్తుంటే ఎదురెళ్లింది.

"బాబూ, ఒక చిన్న తెల్ల మాత్ర ఉంటుంది చూడండి, షుగరుది... అది ఇవ్వరా ఆయనకి?"

కుర్ర డాక్టరు చంకలో కాగితాలు, భుజానికీ చెవికీ మధ్య ఫోను. నిద్ర చాలని కళ్లు. "తెల్ల మాత్రలు నా దగ్గర బోలెడున్నాయమ్మా," అన్నాడు నడుస్తూనే. "ఏది ఎప్పుడివ్వాలో మాకు తెలుసు. మీరెళ్లి ఆయన దగ్గర కూర్చోండి."

కసిరాడని కాదు. నవ్వుతూనే అన్నాడు. అయినా టైలరమ్మ మొహం చిన్నబోయింది. వీళ్లని ఇంకేం అడుగుతాం అనుకుంది. సంచి అడుగున చీర మడతలో మాత్రల అట్ట ఉండనే ఉంది. ఆ సాయంత్రం వేడినీళ్ల కుళాయి దగ్గర, ఎవరూ లేకుండా చూసి, చెంచా కింద మాత్ర నలిపింది.

*

ఆ రోజే పెద్ద డాక్టరు గాయం చూసి చెప్పాల్సింది సూటిగా చెప్పాడు. చచ్చిన కండ తీసేయాలి, తొడ మీది చర్మం తెచ్చి అతకాలి. తొందరగా చేస్తే పాదం దక్కుతుంది. ఆలస్యమైతే పాదం తీసేయాల్సి వస్తుంది.

"అతుకు నిలుస్తుందా అయ్యా?" అని అడిగింది టైలరమ్మ.

"నిలిచేటట్టే వేస్తామమ్మా."

ఆపరేషను మర్నాటికే పెట్టారు. ఆ రోజు తెల్లారుతుండగా మేస్త్రీ మంచం మీద చెమటతో తడిసి ముద్దయ్యాడు. చేతులు వణుకుతున్నాయి. భార్యని చూసి, "ఇటుకలందించవే, పొద్దుపోతోంది, ఇటుకలు," అంటున్నాడు. టైలరమ్మ పెట్టిన కేకకి రాత్రి డ్యూటీలో ఉన్న చిన్న సిస్టరు పరిగెత్తుకొచ్చింది. వేలు గుచ్చి చూసి, "షుగరు బాగా పడిపోయింది," అంటూనే నరానికి గ్లూకోజు పెట్టింది. కాసేపటికి మేస్త్రీ మామూలు మనిషయ్యాడు. చుట్టూ చూసి, "ఇంతమంది మూగారేం? నేనేం చచ్చానా?" అన్నాడు. టైలరమ్మకి పోయిన ప్రాణం లేచొచ్చింది.

ఆపరేషను వాయిదా పడింది. ఇంజెక్షను తగ్గించారు. మర్నాడు పొద్దున్నే మళ్లీ అదే చెమట, అదే వణుకు. ఇంకా తగ్గించారు. ఆ మర్నాడూ అంతే.

"పగలంతా దుక్కలా ఉంటాడు, తెల్లారేసరికి తడిసిన కోడిపిల్లవుతాడు. ఏం మనిషే నీ మొగుడు!" అంది పక్క మంచం అక్క.

పెద్ద డాక్టరు నవ్వలేదు. చిన్న సిస్టరు వైపు తిరిగాడు. రాత్రి ఇంజెక్షను వేసేది ఆమె. ఉద్యోగంలో చేరి ఎన్నాళ్లో కాలేదు.

"కొలత నువ్వే తీశావా?"

"నేనే సార్. ఇంకో సిస్టరుకి చూపించే వేశాను."

"మరి ఇదేంటి?"

ఆ పిల్ల కొలత రాసిన కాగితం తీసి చూపించింది. ఆ పూట నుంచి ఆమెని ఇంజెక్షన్ల దగ్గరికి రానివ్వలేదు. దుప్పట్లు మారుస్తూ, మంచాల మధ్య తల దించుకుని తిరిగేది. మేస్త్రీ మంచం దగ్గరికొచ్చినప్పుడు కళ్లు ఎర్రగా ఉండేవి.

"ఏడిచావా తల్లీ?" అన్నాడు మేస్త్రీ.

"లేదు బాబాయ్, జలుబు."

"నా దగ్గరా ఆ జలుబు కబుర్లు! సున్నం కొట్టేటప్పుడు నా కళ్లూ అలాగే ఉంటాయి, అప్పుడు నేను ఏడవను. ఇది వేరు."

ఆ పిల్ల నవ్వబోయి నవ్వలేక వెళ్లిపోయింది. టైలరమ్మ ఆమె వీపు వైపు చూస్తూ ఉండిపోయింది. ఇంత నెమ్మదస్తురాలు మేస్త్రీకి ఎక్కువ మందు పొడిచిందంటే నమ్మబుద్ధి కాలేదు. మరి ఎందుకవుతోందో తోచలేదు. తోచనిదాని మీద దేవుడికి దండం పెట్టి, సాయంత్రం యథాప్రకారం మాత్ర నలిపింది.

ఆ సాయంత్రం పాలు విరిగిపోయాయి. గ్లాసు చేతికిస్తుంటే పైన తరకలు తేలాయి. మేస్త్రీ మూతి తిప్పుకున్నాడు. పాలు పారబోసి, వేరే పాలు దొరక్క, ఆ పూటకి మాత్ర లేకుండానే పడుకోబెట్టింది. తెల్లారితే ఏమవుతుందోనని ఆమెకి కన్ను మూతపడలేదు.

తెల్లారింది. మేస్త్రీ ఆవులించి, ఒళ్లు విరుచుకుని, "ఏమే, ఆకలేస్తోంది," అన్నాడు.

వేలు గుచ్చి చూసిన సిస్టరు అంకె రెండోసారి చూసుకుంది. బాగుంది. వార్డంతా సంబరపడ్డారు. దుప్పటి మారుస్తున్న చిన్న సిస్టరు మొహం కూడా వెలిగింది. టైలరమ్మ ఒక్కతే సంబరపడలేదు.

కుట్టిన బట్ట ఎక్కడైనా ముడతపడితే ఆమె బట్టని తిట్టదు. కుట్టు వెంబడి వెనక్కి వెళ్లి, ఏ టాకా దగ్గర లాగిందో వేలితో తడిమి చూస్తుంది. ఇప్పుడూ అలాగే వెనక్కి వెళ్లింది. పాలు తాగిన రాత్రులన్నిటికీ చెమట పట్టిన పొద్దులు. పాలు తాగని ఒక్క రాత్రికి ఆకలేసిన పొద్దు. ఇంట్లో ఉన్నన్నాళ్లూ ఆ మాత్ర ఒక్కటే. ఇక్కడ మాత్రకి తోడు ఇంజెక్షను.

ఆమె మంచం కోడు పట్టుకుని కింద చతికిలబడింది.

"ఏమైందే?" అన్నాడు మేస్త్రీ.

"కళ్లు తిరిగాయి," అంది.

*

కుళాయి దగ్గర పక్క మంచం అక్కకి చెప్పుకుంది. చెప్పుకోకపోతే కడుపు పగిలిపోయేటట్టుంది.

అక్క బిందె కింద పెట్టి, అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించింది. "నోరు మూసుకో. ఇవ్వడం మానెయ్, అంతే. వాళ్లకెలా తెలుస్తుంది? నువ్వు చెప్పావనుకో, మూటాముల్లే సర్దుకోమంటారు. ఇక నీ మొగుడి సంగతి నేను వేరే చెప్పాలా? ఇన్నేళ్లూ నా కళ్లల్లో కారం కొట్టావంటాడు."

"కళ్లల్లో కాదక్కా, పాలల్లో."

"నీకు పరాచికాలు కూడానా!"

టైలరమ్మ అక్క మాటే విన్నది. వినడం సులువుగా ఉంది. ఆ రాత్రి ఉత్త పాలు ఇచ్చింది. పొద్దున్న అంకె బాగానే ఉంది. ఇంక గండం గడిచింది, ఆపరేషను చేస్తారు, పాదం దక్కుతుంది, ఈ సంగతి తనతోనే మట్టిలో కలుస్తుంది అనుకుంది.

పెద్ద డాక్టరు వచ్చాడు. వెనక కుర్ర డాక్టరు, పెద్ద సిస్టరు. పెద్ద సిస్టరు అంటే వార్డుకి యజమానురాలు లాంటిది. గట్టిగా మాట్లాడగా ఎవరూ వినలేదు గానీ ఆమె వస్తోందంటే మంచాల కింద చెప్పులు వాటంతట అవే వరసలో ఉండేవి.

"నిన్నా ఇవాళా బాగుంది సార్," అన్నాడు కుర్ర డాక్టరు. "రేపు చేసేద్దామా?"

"ఎందుకు పడిందో చెప్పు, చేసేస్తాను."

కుర్ర డాక్టరు చేతిలో కాగితాలు తిరగేశాడు.

"పడినప్పుడు ఎందుకు పడిందో తెలీదు. ఇప్పుడు ఎందుకు బాగుందో అదీ తెలీదు. మత్తులో ఉన్న మనిషి చెమట పడుతోందని చెప్పలేడు, ఇటుకలు కావాలని అడగలేడు. ఊరికే పడిపోయే షుగరుతో ఇతన్ని బల్ల ఎక్కించను. పొట్టలో ఎక్కడైనా గడ్డ ఉందేమో చూడాలి. పెద్దాస్పత్రికి పంపి అన్ని పరీక్షలూ చేయిద్దాం."

"అందాకా నా కాలు?" అన్నాడు మేస్త్రీ.

పెద్ద డాక్టరు కట్టు విప్పించి చూశాడు. చాలాసేపు చూశాడు. "అంచు నల్లబడుతోంది," అన్నాడు. "అన్నాళ్లు ఆగదు. పాదం మీద ఆశ వదులుకోవాల్సి రావచ్చు. ప్రాణం కంటే పాదం ఎక్కువ కాదు గదా."

వాళ్లు వెళ్లాక మేస్త్రీ గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఎన్నడూ లేంది, నెమ్మదిగా అడిగాడు. "ఒంటికాలి మీద పరంజా ఎక్కినవాణ్ణి ఎప్పుడన్నా చూశావుటే?"

టైలరమ్మ లేచింది. చెప్పులు వేసుకోవడం కూడా మర్చిపోయింది.

*

వార్డు చివర దుప్పట్ల గది. బీరువాల నిండా మడతలు. పెద్ద సిస్టరు కిటికీ దగ్గర స్టూలు మీద కూర్చుని చిరిగిన దుప్పటికి సూది వేస్తోంది. టైలరమ్మ గుమ్మంలో నిలబడింది. లోపలికి ఎలా రావాలో తోచలేదు. ఆ కుట్టు చూసింది. వంకర టింకరగా పోతోంది.

"అలా వేస్తే ఉతగ్గానే ఊడుతుందమ్మా," అంది.

పెద్ద సిస్టరు తలెత్తి, "నాకు మనుషుల్ని కుట్టడం వచ్చినంతగా బట్టలు కుట్టడం రాదు. మీకొచ్చా?" అంది.

"నా పనే అది."

"అయితే కూర్చోండి."

టైలరమ్మ సూది అందుకుంది. ఊడిన దారం తీసి, అంచు మడిచి, మొదటి టాకా వేసింది. చేతికి పని దొరికేసరికి నోరు కాస్త తేలికైంది. కళ్లు కుట్టు మీంచి ఎత్తకుండా అంది. "ఆయన పొట్టలో గడ్డా లేదు, ఏమీ లేదమ్మా. మాత్ర ఉంది. నేనే వేశాను."

పెద్ద సిస్టరు కదల్లేదు. "చెప్పండి," అంది.

అంతా చెప్పింది. కాలవలో పారేసిన అట్ట, పాలు, చెంచా, చీర మడత, విరిగిపోయిన పాలు, మానేసిన రాత్రి. చెబుతున్నంతసేపూ సూది ఆగలేదు. చెప్పడం అయిపోయాక తిట్టు కోసం వీపు వంచి కూర్చుంది.

"చివరిసారి ఎప్పుడిచ్చారు?" అంది పెద్ద సిస్టరు.

టైలరమ్మ చెప్పింది.

"ఒకటేనా? సగమా?"

"ఒకటి."

"ఆ అట్ట ఉందా?"

సంచిలోంచి రవికలోకి మార్చుకున్నదాన్ని తీసి ఇచ్చింది. పెద్ద సిస్టరు దాన్ని వెలుతురుకి పట్టి చదివి, ఊపిరి వదిలింది. "ఇదా! ఇది ఒంట్లో చాలాసేపు ఉంటుంది. ఇంజెక్షను దీనికి తోడైతే పడిపోక ఏం చేస్తుంది?" అని లేచింది. "మంచి పని చేశారు."

టైలరమ్మకి అర్థం కాలేదు. "మాత్ర కలపడమా?"

"కాదమ్మా తల్లీ! చెప్పడం. మీరు మానేసి ఊరుకుని ఉంటే మేం లేని గడ్డ కోసం వెతుకుతూ ఉండేవాళ్లం." గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగింది. "ముందే ఎందుకు చెప్పలేదు? తిట్టడానికి కాదు, తెలుసుకోడానికి అడుగుతున్నాను."

"ఒకసారి అడిగానమ్మా. తెల్ల మాత్ర ఇవ్వరా అని."

"ఎవర్ని?"

టైలరమ్మ సూదిలో దారం ఎక్కించుకుంటూ, "గుర్తు లేదు," అంది. ఆ పిల్లాడి నిద్ర చాలని కళ్లు ఆమెకి బాగానే గుర్తున్నాయి. ఇప్పటికే ఒకరు దుప్పట్లు మారుస్తూ తిరుగుతున్నారు. ఇంకొకరెందుకు?

*

మంచం చుట్టూ అందరూ చేరారు. మేస్త్రీ లేచి కూర్చున్నాడు. పెద్ద డాక్టరు మాత్రల అట్టని వేళ్ల మధ్య తిప్పుతున్నాడు.

"మీ ఆయనకి మీరే చెబుతారా, నన్ను చెప్పమంటారా?" అంది పెద్ద సిస్టరు.

"నేనే చెబుతాను," అంది టైలరమ్మ. చెప్పింది.

మేస్త్రీ నోరు తెరుచుకుని చూశాడు. ముందు భార్యని, తర్వాత అట్టని, మళ్లీ భార్యని.

"రోజూనా?"

"రోజూ."

"మీ అమ్మ పోయినప్పుడు ఊరెళ్లావే, అప్పుడో?"

"పొడి చేసి పొట్లాలు కట్టి పక్కింటి వదినకిచ్చి వెళ్లాను."

"ఓసి నీ... పక్కింటి వదినకి కూడా తెలుసా!" తల పట్టుకున్నాడు. "పాలు చేదుగా ఉన్నాయేంటంటే ఆవు వేపాకు మేసిందన్నావు గదే! ఇన్నేళ్లూ ఆ ఆవుని తిట్టుకుంటూ బతికాను నేను!"

పక్క మంచం పెద్దాయన తుంటి విరిగిన సంగతి మరిచి నవ్వబోయి "అబ్బా" అన్నాడు. అక్క నోట్లో కొంగు కుక్కుకుంది. మేస్త్రీ నవ్వలేదు. మొహం కందగడ్డలా ఉంది. అందరి ముందూ తల తీసేసినట్టయింది అతనికి.

"కాలవలో ఎందుకు పడేశావు?" అంది టైలరమ్మ. "అది చెప్పు ముందు."

మేస్త్రీ కాసేపు దుప్పటి అంచు నలిపాడు. "కంట్రాక్టరు దింపేస్తాడని," అన్నాడు చివరికి, ఎవరికీ వినపడకూడదన్నట్టు. ఆ మాట పైకి అనడం అదే మొదలు.

అప్పుడు కుర్ర డాక్టరు ముందుకొచ్చాడు. అతని మొహం పాలిపోయి ఉంది. "సార్, ఆవిడ నన్నే అడిగారు. వరండాలో. షుగరుది, తెల్ల మాత్ర అన్నారు. ఏ తెల్ల మాత్ర, మీకెలా తెలుసు అని నేను అడగలేదు. నడిచి వెళ్లిపోయాను."

అందరూ పెద్ద డాక్టరు వైపు చూశారు. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "మనందరం ఆయన్నే అడిగాం," అన్నాడు. "వండిపెట్టే మనిషిని అడగలేదు. నేనూ అడగలేదు." గుంపు వెనక దుప్పట్లు పట్టుకుని నిలబడ్డ చిన్న సిస్టరు కోసం వెతికాడు. "అమ్మాయ్, నీ కొలత సరిగ్గానే ఉంది. తేల్చుకోకుండా నిన్ను పక్కన పెట్టాను, అది నా తొందర. ఈ పూట నుంచి నీ పని నువ్వు చూసుకో."

"సరే సార్," అంది ఆ పిల్ల. దుప్పట్లు ఎవరి చేతిలో పెట్టాలో తెలీక మేస్త్రీ ఒళ్లో పెట్టి పరిగెత్తింది.

"మరి నా కాలు?" అన్నాడు మేస్త్రీ దుప్పట్ల మీంచి.

"మాత్ర ఒంట్లోంచి పూర్తిగా పోయిందో లేదో ఇవాళంతా కనిపెట్టి చూస్తాం. ఇంజెక్షను మళ్లీ సరిచేస్తాం. నిలకడగా ఉంటే రేపే బల్ల ఎక్కిస్తాను."

ఆ మధ్యాహ్నం పెద్ద సిస్టరు మంచం మంచానికీ తిరిగింది. సంచులు విప్పించి, ఉన్నవన్నీ దుప్పటి మీద పోయించింది. రోగి చేత కాదు, మందిచ్చే మనిషి చేత. "ఎవరిస్తారు? దేంతో ఇస్తారు? ఆయనకి తెలిసి ఇస్తారా, తెలీకుండానా?" అని ఆఖరి మాట దగ్గర టైలరమ్మ వైపు చూసి నవ్వేది. ఏమేమో బయటపడ్డాయి. ఎప్పుడో చెడిపోయిన చుక్కల మందు, పక్కింటామెకి బాగా పనిచేసిందని తెచ్చుకున్న బిళ్లలు, పేరు చెరిగిపోయిన సీసాలు. పక్క మంచం అక్క సంచిలో నిద్ర మాత్రలు దొరికాయి.

"ఆయనవి కావు, నావి," అంది అక్క గాభరాగా. "ఆయన గురకకి."

"ఆయన గురక పెడితే మీరు మింగుతారా?"

"మరి ఆయన మింగనంటాడే!"

ఎవర్నీ ఎవరూ కసరలేదు. కుర్ర డాక్టరు వెనకే నడుస్తూ ఒక్కొక్కటీ రాసుకున్నాడు. ఆ రోజు అతని ఫోను జేబులోనే ఉంది.

మేస్త్రీ మాత్రం భార్యతో మాట్లాడలేదు. పాలు ఇస్తే గ్లాసు వాసన చూసి, ముందు ఆమె చేత ఒక గుక్క తాగించి, అప్పుడు తాగాడు. ఆమె చూస్తుండగానే వేలికి రక్తం చూశారు, రాత్రి చూశారు, తెల్లారి చూశారు. షుగరు కదలకుండా నిలబడింది.

*

ఆపరేషను గది బయట తోపుడు మంచం ఆపారు. చిన్న సిస్టరు అతని చేతి పట్టీ చూసి, పేరు చెప్పమంది, ఏ కాలో చూపించమంది. కాలి మీద గుర్తు ఉందో లేదో వంగి చూసింది.

"పొద్దున్నించీ అందరూ ఇదే అడుగుతున్నారు," అన్నాడు మేస్త్రీ. "రెండు కాళ్లల్లో కట్టున్నది ఏదో మీకు కనపడట్లేదా తల్లీ?"

"కనపడుతోంది బాబాయ్. అయినా అడుగుతాం."

మత్తు డాక్టరు వచ్చింది. ఆకుపచ్చ టోపీ కింద తెల్ల వెంట్రుకలు. అతన్ని అడగాల్సినవి అడిగి, తలుపు దగ్గర నిలబడ్డ టైలరమ్మ వైపు తిరిగింది. "మాకు తెలీంది, మీకు తెలిసింది ఇంకేమైనా ఉందామ్మా?"

టైలరమ్మ మొగుడి వైపు చూసింది. మొగుడు కళ్లతోనే వద్దన్నాడు. ఏం వద్దంటున్నాడో ఇద్దరికీ తెలుసు.

"కింద ముందు పన్ను ఒకటి ఊగుతోందమ్మా," అంది టైలరమ్మ. "పరంజా కర్ర తగిలింది. దారంతో లాగుదామంటే ఒప్పుకోడు. ఎవరికీ తెలీకుండా పక్క పళ్లతో నములుతాడు. నోట్లో గొట్టం పెడతారని అక్క చెప్పింది. అందుకని..."

"ఇదో పెద్ద సంగతా!" అన్నాడు మేస్త్రీ సిగ్గుతో.

మత్తు డాక్టరు అప్పటికే చేతికి తొడుగు వేసుకుంటోంది. "నోరు తెరవండి. పెద్ద సంగతే. మత్తులో ఊడి గొంతులో పడితే ఊపిరికి అడ్డం." వేలితో తాకి చూసింది. "అబ్బో, ఇది ఇవాళో రేపో అన్నట్టుంది. నన్నడిగితే లోపలికి వెళ్లాక ముందు దీని పని చూస్తాను. సరేనా?"

"సరే," అన్నాడు మేస్త్రీ. తోపుడు మంచం కదిలింది. తలుపు మూసుకోబోతుంటే తల పక్కకి తిప్పి భార్య కోసం వెతికాడు. ముందు రోజు నుంచీ మాట్లాడనివాడు, "ఇక్కడే ఉండు," అన్నాడు.

ఆమె అక్కడే ఉంది. బెంచీ మీద కూర్చుంది, లేచింది, కిటికీ దాకా వెళ్లి వచ్చింది. చేతిలో సూదీ దారం ఉంటే బాగుండుననిపించింది. పక్క మంచం అక్క వచ్చి టీ ఇచ్చి, తనే తాగేసి వెళ్లింది.

తలుపు తెరుచుకుంది. పెద్ద డాక్టరు టోపీ తీసి, నుదురు తుడుచుకుంటూ వచ్చాడు.

"పాదం ఉందమ్మా. అంచు కాస్త తీశాం. అతుకు చక్కగా కూర్చుంది. కొన్నాళ్లు కాలు కింద పెట్టకూడదు, తర్వాత నడుస్తాడు. షుగరు ఒక్కసారి కూడా పడలేదు."

టైలరమ్మ దండం పెట్టబోయి రెండు చేతులూ ఎత్తింది, మళ్లీ దించింది. ఏడవడానికి కూడా కాసేపు పట్టింది.

మేస్త్రీకి మెలకువ వచ్చేసరికి ఆమె మంచం పక్కనే ఉంది. అతను ముందు కాలు వైపు చూసుకున్నాడు. దుప్పటి కింద రెండు పాదాలూ ఎత్తుగా కనపడ్డాయి. కళ్లు మూసుకుని, గట్టిగా ఊపిరి వదిలాడు. తర్వాత నాలిక నోట్లో అటూ ఇటూ తిరిగి, ఒకచోట ఆగింది.

"పన్నేది?" అన్నాడు మత్తు గొంతుతో.

చిన్న సిస్టరు దూదిలో చుట్టింది తెచ్చి అతని అరచేతిలో పెట్టింది. "వేలు తగలగానే ఊడి వచ్చేసిందట బాబాయ్. మత్తు డాక్టరు గారు అందరికీ చెబుతున్నారు."

"సంబరం! ఏమని చెబుతున్నారు?"

"వాళ్లావిడ చెప్పకపోతే మాకు తెలిసేది కాదని."

మేస్త్రీ దూది విప్పి పన్ను వైపు కాసేపు చూశాడు. మళ్లీ చుట్టి భార్య చేతికిచ్చాడు.

"ఇంకా ఏమేం ఉన్నాయో," అన్నాడు, "అన్నీ చెప్పెయ్ వీళ్లకి. రాత్రుళ్లు కాళ్లు తిమ్మిరెక్కుతాయి, అది కూడా చెప్పు. నేను చెప్పలేను గానీ నువ్వు చెప్పు."

"నువ్వే చెప్పు," అంది టైలరమ్మ. "నేను పక్కనే ఉంటాను."

గుమ్మంలో కుర్ర డాక్టరు కనపడ్డాడు. మేస్త్రీ గొంతు సవరించుకుని, కొత్త ఖాళీలోంచి గాలి పోతుంటే, "బాబూ," అని పిలిచాడు. "ఒక మాట."

కుర్ర డాక్టరు ఆగి, స్టూలు లాక్కుని కూర్చున్నాడు.